ప్రశ్నలు – జవాబులు: రేడియో మాడ్యూలు మాట వినకపోతే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వైర్లు లేకుండా సమాచారం పంపే చిన్న రేడియో మాడ్యూళ్ల గురించే ఉన్నాయి. వాటిలో అయిదింటిని ఎంచుకుని, మొదటిదానికి కావాలనే పెద్ద జవాబు ఇస్తున్నాను. దాన్ని ఓపికగా చదివితే తక్కిన ఉత్తరాలలోని సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. కొత్తవారికి ఒక మాట: ఆర్డుయినో ఊనో అంటే మనం ఎక్కించిన కోడుతో నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ అంటే దానికి కలిపే చిన్న రేడియో చిప్పు, లైబ్రరీ అంటే ఆ చిప్పును నడపడానికి ముందే రాసిపెట్టిన కోడు.

ప్రశ్న: రెండు ఆర్డుయినో ఊనో బోర్డులకు రెండు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ మాడ్యూళ్లు కలిపి, లైబ్రరీతో పాటు వచ్చిన ఉదాహరణ కోడునే ఏమీ మార్చకుండా ఎక్కించాను. ఒక్కోసారి రెండు మూడు సందేశాలు అందుతున్నాయి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మాడ్యూలు చెడిపోయిందనుకుని కొత్తది తెచ్చి పెట్టినా అదే పరిస్థితి. కోడులో పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది?
– డిప్లొమా విద్యార్థి, నంద్యాల

జవాబు: మీరు చెయ్యి పెట్టని ఉదాహరణ కోడు తప్పయ్యే అవకాశం తక్కువ. రెండు మూడు సందేశాలు వచ్చి ఆగిపోతున్నాయంటే ముందుగా అనుమానించవలసింది విద్యుత్ సరఫరాను, ఆ తర్వాత వైర్లను. కోడు దగ్గరికి అన్నిటికంటే చివర వెళ్లాలి. ఈ వరుసను తిరగేసి మొదలుపెట్టినవారే ఎక్కువగా నాకు ఉత్తరాలు రాస్తుంటారు.

ఈ చిప్పు ప్రసారం చేసేటప్పుడు సుమారు 11 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు సుమారు 13 మిల్లీఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది. ఊనోలోని 3.3 వోల్టుల పిన్ను 50 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వగలదు కాబట్టి కాగితం మీద లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే ఖాళీగా ఉన్నప్పుడు కొద్ది మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకునే ఈ చిప్పు, ప్రసారం మొదలుపెట్టిన క్షణంలోనే ఒక్కసారిగా మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు పొడవాటి జంపర్ వైర్లనూ, వదులుగా పట్టుకున్న బ్రెడ్‌బోర్డు క్లిప్పులనూ దాటి వచ్చేలోగా, పక్కింటివాళ్లు మోటారు వేస్తే మన కొళాయి ధార సన్నబడినట్టు, చిప్పు దగ్గర వోల్టేజీ కుంగిపోతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే మాత్రం నిక్షేపంగా 3.3 అనే చూపిస్తుంది, ఎందుకంటే అంత తక్కువ సేపు జరిగే కుంగుబాటును అది పట్టుకోలేదు.

దీనికి మందు రెండు మూడు రూపాయల కెపాసిటర్. 10 నుంచి 47 మైక్రోఫారడ్ల మధ్య ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను బ్రెడ్‌బోర్డు మీద ఎక్కడో కాకుండా, మాడ్యూలు పిన్నుల మీదే టంకం వేసి అతికించండి. గుమ్మం దగ్గర నింపి పెట్టుకున్న బిందె ఆదుకున్నట్టు అది ఆ క్షణానికి కావలసిన కరెంటును పక్కనుంచే అందిస్తుంది. ఎనిమిది పిన్నుల ఆకుపచ్చ లేదా నల్లటి చిన్న మాడ్యూలులో గ్రౌండు, వీసీసీ (విద్యుత్తు అందే) పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో గ్రౌండు పిన్నును గుర్తు పట్టడానికి దాని చుట్టూ చతురస్రాకారపు గీత గానీ, చదరపు టంకపు మచ్చ గానీ ఉంటుంది. కెపాసిటర్ ఒంటి మీద తెల్లని పట్టీ ఉన్న వైపు కాలు గ్రౌండుకు రావాలి. కాళ్లు రెండూ పొట్టిగా కత్తిరించి, ఒకదానికొకటి తగలకుండా చూసుకుంటే పని అయిదు నిమిషాలలో ముగుస్తుంది. చేతిలో ఉంటే పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ కూడా పెట్టండి.

మీది పొడుగాటి యాంటెనా బిగించుకునే పెద్ద మాడ్యూలు అయితే కథ వేరు. దానిలో శక్తిని పెంచే యాంప్లిఫయర్ అదనంగా ఉంటుంది, పూర్తి శక్తితో పంపేటప్పుడు అది 100 మిల్లీఆంపియర్లు దాటి తీసుకుంటుంది. ఊనో 3.3 వోల్టుల పిన్ను దానిని మోయలేదు, కెపాసిటర్ ఒక్కటే ఆ లోటు తీర్చలేదు. 5 వోల్టుల నుంచి 3.3 వోల్టులు తయారుచేసే రెగ్యులేటర్ ఉన్న అడాప్టర్ బోర్డు కొని, మాడ్యూలును దానిలో గుచ్చడమే మంచిది. మామూలు మాడ్యూలును మాత్రం పొరపాటున కూడా నేరుగా 5 వోల్టుల పిన్నుకు కలపకండి. దాని గరిష్ఠ పరిమితి 3.6 వోల్టులు, ఊనో మీద 3.3, 5 పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. మసక వెలుతురులో పని చేసేవారికి ఇది బాగా తెలిసిన ప్రమాదం. సంకేతాలు వచ్చే పిన్నులు మటుకు 5 వోల్టులను తట్టుకుంటాయి కాబట్టి వాటి మధ్య వేరే సర్దుబాటు అక్కరలేదు.

తర్వాత వైర్లు. ఈ మాడ్యూలు పిన్నులు రెండు వరుసలుగా దగ్గరగా ఉండడం వల్ల బ్రెడ్‌బోర్డులో గుచ్చితే ఎదురెదురు పిన్నులు కలిసిపోతాయి, అందుకే ఆడ కొన ఉన్న జంపర్ వైర్లు వాడాలి. వాటిని పది సెంటీమీటర్లకు మించనీయకండి. ఒకసారి నేను మూడు సాయంత్రాలు కోడును తిరగరాసి, చివరికి కనుక్కున్నదేమిటంటే, ఒక జంపర్ వైరు ప్లాస్టిక్ తొడుగు లోపల తెగి ఉంది. పైకి చూస్తే కొత్త వైరులాగే ఉంది. అప్పటి నుంచి ప్రతి జంపరునూ మల్టీమీటరు కీచు శబ్దంతో పరీక్షించిన తర్వాతే వాడుతున్నాను.

ఇంతవరకు అయ్యాక రేడియో సంగతి పక్కన పెట్టి, ఆర్డుయినోకూ చిప్పుకూ మధ్య మాట కలిసిందో లేదో విడిగా చూడండి. ఆర్‌ఎఫ్24 లైబ్రరీలో ఈజ్‌చిప్‌కనెక్టెడ్ అనే ఫంక్షన్ ఉంది, ప్రింట్‌డీటెయిల్స్ అనేది చిప్పు లోపలి విలువలన్నీ సీరియల్ మానిటర్‌లో చూపిస్తుంది. ఊనోలో అది అచ్చు కావాలంటే ముందుగా ప్రింట్‌ఎఫ్_బిగిన్‌ను పిలవాలి, ఇది మరచిపోయి తెర ఖాళీగా ఉందని కంగారు పడేవారు చాలామంది. చిరునామాల దగ్గర ఈ7ఈ7 వంటి విలువలో, మీరు ఇచ్చిన చిరునామాలో కనిపిస్తే వైర్లు బాగున్నట్టు. అన్నీ సున్నాలు గానీ, అన్నీ ఎఫ్ఎఫ్‌లు గానీ వస్తే ఏదో ఒక వైరు తప్పు చోట ఉన్నట్టు, అప్పుడు రేడియో గురించి ఆలోచించడం వృథా.

రెండు బోర్డులూ ఈ పరీక్షలో నెగ్గాక వాటిని ఒక మీటరు ఎడంగా బల్ల మీద పెట్టి, శక్తిని కనిష్ఠానికి తగ్గించి పంపండి. మరీ పక్కపక్కన పెట్టి పూర్తి శక్తితో పంపితే చెవిలో అరిచినట్టవుతుంది, యాంప్లిఫయర్ ఉన్న మాడ్యూళ్లు అలాంటప్పుడు అసలే వినవు. ఛానల్, వేగం, చిరునామా రెండు వైపులా ఒకటే ఉండాలి. వేగం సెకనుకు 250 కిలోబిట్లు పెట్టుకోండి, ఎందుకంటే 2 మెగాబిట్ల వేగంతో పోలిస్తే ఆ వేగంలో రిసీవరు 12 డెసిబెల్లు బలహీనమైన సంకేతాన్ని కూడా పట్టుకోగలదు. అయితే పేరులో ప్లస్ లేని పాత చిప్పుకు 250 కిలోబిట్ల వేగం లేదు. మీ రెండింటిలో ఒకటి అలాంటిదైతే అవి ఎప్పటికీ కలవవు.

ఛానల్ గురించి ఒక హెచ్చరిక. వైఫై అడ్డు తగలకుండా 100 దాటిన ఛానల్ పెట్టుకోమని విదేశీ పాఠాలలో తరచుగా కనిపిస్తుంది. ఛానల్ సంఖ్యకు 2400 కలిపితే మెగాహెర్ట్జ్ వస్తుంది కాబట్టి 100 అంటే 2500 మెగాహెర్ట్జ్. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగిన పౌనఃపున్య పట్టీ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకే. చిప్పు 2525 దాకా పోగలదు, మనం పోకూడదు. లైబ్రరీ తనంతట తాను పెట్టే 76వ ఛానల్, అంటే 2476 మెగాహెర్ట్జ్, మన ఇళ్లలో వైఫై రూటర్లు సాధారణంగా వాడే 1, 6, 11 ఛానళ్లకు పైన ఉంటుంది కాబట్టి దానినే ఉంచుకోండి.

చివరిగా, అందిందా లేదా అని కంటితో చూడడం మాని లెక్క పెట్టండి. ఈ చిప్పు తనంతట తానే రసీదు అడుగుతుంది, రసీదు రాకపోతే 15 సార్ల దాకా మళ్లీ పంపుతుంది. అందుకే పంపే ఫంక్షన్ ఇచ్చే జవాబును బట్టి నూరు సందేశాలలో ఎన్నిటికి రసీదు వచ్చిందో తెలుస్తుంది. బల్ల మీద నూటికి నూరు రానిదే వరండాలోకి, వరండాలో తొంభై అయిదు దాటనిదే డాబా మీదికి వెళ్లకండి.

ప్రశ్న: పాఠశాల ట్యాంకు నిండగానే తరగతి గదిలో గంట మోగే ప్రాజెక్టు మా పిల్లలు చేస్తున్నారు. చవకగా దొరికే 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటరు, రిసీవరు జత కొన్నాం. ట్రాన్స్‌మిటరు ఆపేసినా రిసీవరు పిన్నుకు పెట్టిన ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటూనే ఉంది. పైగా రెండు మీటర్లు దాటితే సంకేతం అందడం లేదు. జత చెడ్డదా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: చెడ్డది కాదండీ. మిణుకుమిణుకుమనడం ఆ రిసీవరు స్వభావం. అర్ధరాత్రి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మనం చెవులు రిక్కించి వింటే గోడ గడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది కదా. అలాగే సంకేతం లేనప్పుడు రిసీవరు తన వినికిడిని తానే పెంచుకుంటూ పోయి, గాలిలోని రేడియో రొదనంతా ఒకట్లు, సున్నాలుగా మార్చి బయటపెడుతుంది. అందువల్ల ఈ జతతో ఎల్ఈడీని నేరుగా వెలిగించే ప్రయత్నం చేయకూడదు. సందేశానికి ముందు రిసీవరును స్థిమితపరిచే బిట్ల వరుస, సందేశం మొదలైందని చెప్పే గుర్తు, చివర సరిచూసుకునే సంఖ్య ఉండాలి. రేడియోహెడ్ లైబ్రరీలోని ఆర్‌హెచ్_ఏఎస్‌కే ఈ పనులన్నీ చేస్తుంది. ఊనోలో దాని మామూలు అమరిక ప్రకారం ట్రాన్స్‌మిటరు 12వ పిన్నుకు, రిసీవరు 11వ పిన్నుకు కలపాలి. ఆ లైబ్రరీ ఊనోలోని టైమర్ 1ను తీసుకుంటుంది, సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగేది) లైబ్రరీ కూడా దానినే అడుగుతుంది కాబట్టి రెండింటినీ ఒకే బోర్డులో పెడితే గొడవ పడతాయి. గంట కోసం సర్వో వాడే ఉద్దేశం ఉంటే మానుకుని రిలేతోనో బజరుతోనో సరిపెట్టండి.

రెండు మీటర్ల దూరానికి కారణం దాదాపు కచ్చితంగా యాంటెనా లేకపోవడమే. బోర్డు మీద ఏఎన్‌టీ అని రాసి ఉన్న రంధ్రం ఖాళీగా ఉండి ఉంటుంది. ఇక్కడ మీ పిల్లలకు ఒక చక్కని లెక్క ఇవ్వవచ్చు. 300ను 433.92తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది, అది సుమారు 69 సెంటీమీటర్లు. దానిలో నాలుగో వంతు 17.3 సెంటీమీటర్లు. అంత పొడవు ఒంటి తీగను కొలిచి కత్తిరించి, రెండు బోర్డులకూ టంకం వేసి, రెండింటినీ నిలువుగా నిలబెట్టండి. ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా ఉంటే సంకేతం ఎంత తగ్గుతుందో పిల్లల చేతే చూపించండి, పుస్తకంలో ధ్రువణం అనే మాట వారికి ఆనాటితో అర్థమవుతుంది.

ఇంకొక్క విషయం చూసుకోవాలి. ట్రాన్స్‌మిటరు మీద గుండ్రటి లోహపు డబ్బీలాంటి భాగం ఉంటుంది, దాని మీద ఆర్433 అన్న అక్షరాలుండాలి. అదే ఆకారంలో 315 మెగాహెర్ట్జ్ జతలు కూడా అమ్ముతారు, దుకాణంలో కలిసిపోవడం మామూలే. ఈ ట్రాన్స్‌మిటరు 12 వోల్టుల దాకా తీసుకుంటుంది గానీ మీరు 5 వోల్టులే ఇవ్వండి. ఈ పట్టీకి మన దేశంలో ఇచ్చిన మినహాయింపు భవనం లోపలి వాడకానికి, 10 మిల్లీవాట్ల స్వల్ప శక్తికి మాత్రమే. పైగా ఈ జతలో జవాబు వచ్చే దారి లేదు, ట్రాన్స్‌మిటరుకు తన మాట ఎవరైనా విన్నారో లేదో ఎన్నటికీ తెలియదు. కాబట్టి ట్యాంకు నిండిన సంగతిని ఒకసారి చెప్పి ఊరుకోకుండా, అయిదారుసార్లు కొద్దికొద్ది ఎడంతో చెప్పించండి.

ప్రశ్న: ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో వైఫై, బ్లూటూత్ రెండూ ఉండగా ఇన్ని రకాల రేడియో మాడ్యూళ్లు ఎవరికి కావాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: గోడలో ప్లగ్గు, ఇంట్లో రూటరు ఉన్నచోట ఎవరికీ అక్కరలేదు, మీరు ఈఎస్‌పీ32నే వాడండి. రూటరు కూడా లేకుండా రెండు ఈఎస్‌పీ బోర్డులు నేరుగా మాట్లాడుకోవడానికి ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతి ఉంది, దానిలో ఒక్కో సందేశానికి 250 బైట్లు పంపవచ్చు, నేర్చుకోవడం కూడా తేలిక. బ్యాటరీతో నెలల తరబడి నడవాల్సిన చోట, లేదా వైఫై అందనంత దూరం ఉన్న చోట మాత్రమే వేరే మాడ్యూలు గురించి ఆలోచించాలి. వైఫై ప్రసారం చేసేటప్పుడు వందల మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, మొదటి జవాబులోని చిన్న చిప్పు 11తో పని కానిస్తుంది.

ప్రశ్న: మా బోరు ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉంది. త్రీఫేజు కరెంటు వచ్చిందీ లేనిదీ ఇంటి దగ్గరే తెలుసుకుని మోటారు వేయాలని, ఆపాలని కోరిక. పొలంలో సెల్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి సిమ్ కార్డుతో పనిచేసే స్టార్టర్ మాకు కుదరలేదు. లోరా మాడ్యూళ్లతో అవుతుందా? ఏది కొనాలి?
– రైతు కుటుంబానికి చెందిన పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: అవుతుంది. మీ అవసరానికి లోరా అనే దూరపు రేడియో పద్ధతి సరిగ్గా అమరుతుంది కూడా, ఎందుకంటే మీరు పంపవలసింది బొమ్మలూ మాటలూ కాదు, రోజుకు కొన్ని వందల చిన్న సందేశాలు. లోరా పద్ధతిలో ఒక్కో గుర్తునూ పౌనఃపున్యం జారుతూ పోయే ఈలలాంటి సంకేతంగా పంపుతారు. అందువల్ల రొద కంటే బలహీనమైన సంకేతాన్ని కూడా రిసీవరు ఏరుకోగలదు. దానికి చెల్లించే మూల్యం వేగం. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఒక్కో గుర్తును ఎంత సాగదీసి పంపాలో చెప్పే సంఖ్య) 7 దగ్గర 20 బైట్ల సందేశం సుమారు 57 మిల్లీసెకన్లలో వెళ్లిపోతే, 12 దగ్గర అదే సందేశానికి 1.3 సెకన్లు పడుతుంది. మీరు 9తో మొదలుపెట్టి, అందకపోతేనే పెంచండి.

కొనేటప్పుడు పౌనఃపున్యం దగ్గర మోసపోకండి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి వచ్చింది, 2021లో పై హద్దును 868కి పెంచారు. పరిమితులు 1 వాట్ ట్రాన్స్‌మిటరు శక్తి, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు. లోరాలో మామూలుగా వాడే 125 కిలోహెర్ట్జ్ వెడల్పు దానిలో ఇముడుతుంది, 250 ఇమడదు. కాబట్టి 868 అని రాసి ఉన్న, ఎస్‌ఎక్స్1276 చిప్పుగల ఆర్‌ఎఫ్ఎం95 వంటి మాడ్యూలు తీసుకుని, కోడులో 866 మెగాహెర్ట్జ్ పెట్టుకోండి. పాఠాలలో ఎక్కువగా కనిపించే రా-02 మాడ్యూలులో ఎస్‌ఎక్స్1278 చిప్పు ఉంటుంది, అది 525 మెగాహెర్ట్జ్ దాటి పైకి రాలేదు. 915 అని రాసి ఉన్నవి అమెరికా కోసం చేసినవి, ఆ పరిసరాలు మన దగ్గర మొబైల్ కంపెనీలవి. ఎస్‌ఎక్స్1276 పిన్నులు 5 వోల్టులను తట్టుకోలేవు కాబట్టి ఊనోకు బదులు 3.3 వోల్టులతో నడిచే బోర్డు ఎంచుకుంటే ఒక తలనొప్పి తగ్గుతుంది. యాంటెనా బిగించకుండా ఒక్కసారి కూడా ప్రసారం చేయకండి, బయటికి పోయే దారి లేని శక్తి చిప్పు మీదికే తిరిగి వస్తుంది.

కిలోమీటరున్నర దూరానికి మాడ్యూలు కన్నా ముఖ్యం యాంటెనా ఎత్తు. ఒక చివర నుంచి చూస్తే రెండో చివర కనిపిస్తే చాలునని చాలామంది అనుకుంటారు, కానీ రేడియో తరంగానికి ఆ చూపు గీత చుట్టూ కూడా ఖాళీ కావాలి. 866 మెగాహెర్ట్జ్ దగ్గర, మీరు చెప్పిన దూరంలో, దారి మధ్యకు వచ్చేసరికి ఆ గీతకు కిందా పక్కలా సుమారు 7 మీటర్ల దాకా అడ్డు లేకుండా ఉండడం మంచిది. ఇంటి వైపు డాబా మీద గొట్టానికి, పొలం వైపు షెడ్డు కప్పుకు పైన నిలువు గొట్టానికి యాంటెనాలు బిగించండి. మధ్యలో మామిడి తోటో చింతచెట్లో ఉంటే వాటి తలల ఎత్తు చూసుకుని లెక్క వేయండి. మాడ్యూలును స్టార్టర్ ఇనుప పెట్టె లోపల పెట్టి, యాంటెనాను కూడా దానిలోనే ఉంచితే ఎంత శక్తి ఉన్నా వృథా.

మోటారు దగ్గర మాత్రం నా మాట కాస్త గట్టిగా వినండి. స్టార్టర్‌లో 415 వోల్టులు ఉంటాయి, రిలే కాంటాక్టులను ఆన్, ఆఫ్ బటన్ల దగ్గర కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఆ పెట్టెలో ఇప్పటికే ఉన్న ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, నీరు లేనప్పుడు ఆపే డ్రైరన్ రక్షణ, వీటిని రేడియో దాటవేయకూడదు. వాటి తీర్పే ఆఖరిది కావాలి. ఇంటి నుంచి రెండు నిమిషాలకోసారి ఉన్నాను అనే సందేశం వెళ్లాలి. పొలం బోర్డుకు అయిదారు నిమిషాలపాటు అది అందకపోతే తనంతట తానే మోటారు ఆపేయాలి. ఆపమని చెప్పిన మాట దారిలో పోయినా మోటారు ఆగిపోవాలన్నది ఇక్కడ సూత్రం. ప్రతి ఆజ్ఞలోనూ పెరుగుతూ పోయే సంఖ్యనూ, మీకు మాత్రమే తెలిసిన తాళంతో లెక్కించిన సరిచూపు సంఖ్యనూ చేర్చండి, లేకపోతే మీ ఆజ్ఞను రికార్డు చేసుకున్నవాడెవడైనా మీ మోటారు వేయగలడు. మొదటి నెల రోజులు మోటారు జోలికి పోకుండా, త్రీఫేజు వచ్చిందా లేదా అన్న కబురు మాత్రమే తెప్పించుకోండి. ఆ కబురు వాన రోజున, గాలిదుమారం రోజున కూడా తప్పకుండా వస్తోందని చూశాకే రిలే కలపండి.

ప్రశ్న: బజారులో దొరికే 433 మెగాహెర్ట్జ్ రిమోటుతో వీధి తలుపుకు ఎలక్ట్రిక్ తాళం పెట్టాను. బాగానే పనిచేస్తోంది. భద్రమేనా?
– గృహిణి, హైదరాబాదు

జవాబు: భద్రం కాదు. చవక రిమోట్లలో ఉండే పీటీ2262, ఈవీ1527 వంటి చిప్పులు మీట నొక్కిన ప్రతిసారీ అదే సంఖ్యను పంపుతాయి. వీధిలో నిలబడి ఆ సంఖ్యను ఒక్కసారి పట్టుకున్నవారు దానిని మళ్లీ పంపితే తాళం మీరే నొక్కారనుకుని తెరుచుకుంటుంది. అందుకు కావలసిన పరికరం, పైన ఉపాధ్యాయురాలు కొన్నటువంటి చవక జత తప్ప మరేమీ కాదు. నొక్కిన ప్రతిసారీ సంఖ్య మారే రోలింగ్ కోడ్ రిమోట్లు వేరే ఉంటాయి, హెచ్‌సీఎస్301 చిప్పుతో వచ్చేవి ఆ కోవలోవే. అలాంటిది దొరికే వరకు తలుపుకు మామూలు తాళమే వేసుకుని, ఇప్పుడున్న రిమోటును వరండా లైటుకు మార్చుకోండి.